శిలాఫలకం మీద పేర్లు



మన మందిరంలో ఆరు ఫ్యాన్లున్నాయి. ఆరింటి రెక్కల మీదా దాతల పేర్లు రాయించాం. ఫ్యాన్ తిరుగుతుంటే పేరు కనబడదు. కరెంటు పోతేనే కనబడుతుంది. అంటే మనకు చెమటలు కారుతున్నప్పుడే దాత గుర్తొస్తాడన్నమాట! ఒక పెద్దాయన ఫ్యాన్ ఆపించి మరీ తన పేరు మనవడికి చూపించడం మేము చూశాం. చాటుగా నవ్వుకున్నాం. అలా నవ్వే అర్హత మాకు లేదని తర్వాత తెలిసొచ్చింది.

ఈ మధ్య ఫ్రాన్సు దేశపు వ్యాసకర్త మాంటేన్ గురించి చదివాం. 1533లో పుట్టినవాడు. తన ఇంటి బురుజులో పుస్తకాల గది కట్టుకుని, దాని పైకప్పు దూలాల మీద పాతకాలపు పెద్దల మాటలు రాయించుకున్నాడు. వాటిలో ప్రసంగి గ్రంథం పేరుతో రాయించినవీ ఉన్నాయి. తల ఎత్తితే చాలు, మనిషి గొప్పలెంత వ్యర్థమో గుర్తుచేసే మాటలే!

1588లో అచ్చయిన పుస్తకంలో ఆయన మనిషి డంబం మీదే ఒక పొడవాటి వ్యాసం రాశాడు. డంబం గురించి ఇంతింత రాయడం కూడా డంబమేనని మొదట్లోనే తన మీద తానే చమత్కరించుకున్నాడు. అసలు తమాషా చివర్లో ఉంది. 1581లో రోము నగరం ఆయనకు పౌరసత్వం ఇచ్చింది. ఊరికే రాలేదు, తానే పట్టుబట్టి సంపాదించుకున్నాడు. ఆ పత్రం ఒట్టి గాలి అని ఒప్పుకుంటూనే, తనను పొగిడిన మాటలతో సహా మొత్తం ఆ వ్యాసంలోనే ఎక్కించేశాడు!

అది చదివి నవ్వాం. నవ్వు సగంలో ఆగిపోయింది. మన మందిరం గోడకున్న శిలాఫలకం గుర్తొచ్చింది.

ఆ గొడవ మీకు తెలిసిందే. ఎవరి పేరు ముందుండాలి? మూడు ఆదివారాలు అదే మాట. రెండు కుటుంబాలు మందిరానికి రావడం మానేశాయి. మేము ఊరుకున్నామా? గర్వం మీద ప్రసంగం చేశాం. పేర్లు చెప్పలేదు గానీ ఎవరినన్నామో చిన్నపిల్లలకు కూడా అర్థమైంది. పరిసయ్యుడి ఉపమానం చెప్పి, మేము అలాంటివాళ్లం కాము, దేవునికి స్తోత్రం అన్నట్టు వేదిక దిగాం.

మీకు తెలియనిది ఒకటుంది. ఆ రాయి మీద అందరికంటే పైన, అందరికంటే పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు మాది. 'రెవరెండ్' అన్న మాట సన్నగా ఉందని పనివాడిని మళ్లీ పిలిపించి చెక్కించింది మేమే.

మాంటేన్‌లోనూ డంబం ఉంది, మాలోనూ ఉంది. ఆయన దాన్ని నలుగురి ముందూ పెట్టి తానే నవ్వాడు. మేము దాన్ని తెల్లబట్టల కింద దాచి, పక్కవాళ్ల మీద ప్రసంగం చేశాం. దాచిన గర్వమే కుళ్లుతుంది. ఒప్పుకున్న గర్వానికి కోరలుండవు.

నిన్న సాయంత్రం మేమిద్దరం దంపతులం ఆ రెండు ఇళ్లకూ వెళ్లాం. మొదటి ఇంట్లో పెద్దాయన అన్నాడు: "రాయి సంగతి ఎప్పుడో మర్చిపోయాం అయ్యగారూ. ప్రసంగంలో మమ్మల్ని అన్నారు చూడండి, అదే గుచ్చుకుంది." మాకు తలెత్తబుద్ధి కాలేదు. తప్పు మాదేనని చెప్పాం. రెండో ఇంట్లో మజ్జిగ ఇచ్చారు, కుర్చీలు వేశారు, మాట మాత్రం కలపలేదు. మళ్లీ వెళతాం.

రాయి మార్చాలా, పగలగొట్టాలా అన్నది పెద్దలు కూర్చుని తేలుస్తారు. మా పేరు మాత్రం ముందు తీసెయ్యమన్నాం. ఇలా చెప్పుకోవడంలో కూడా కాస్త గొప్ప ఉంది కదూ? ఉంది. ఈ మాటలు ఎంతమంది మెచ్చుకున్నారో రాత్రికి ఫోను తీసి చూస్తాం కూడా. అందుకే ఈ ఆదివారం ఆ రెండు కుటుంబాలు మారాలని కాదు, మీ కాపరి మారాలని ప్రార్థించండి.

ఆమేన్.