జంక్షన్‌లో జిలేబీ... చివరి స్టేషన్లో సత్యభామ!

చనిపోయేలోగా చూసి తీరవలసిన వూళ్ళు, తిని తీరవలసిన హోటళ్ళు అంటూ జాబితాలు రాసుకోవడం ఇప్పటి కుర్రకారుకి ఓ కొత్త సరదా. మా గుంటూరు మిత్రుడొకడు కూడా రాశాడు. అందులో పారిస్ వుంది, రోమ్ వుంది... పాతిక కిలోమీటర్ల దూరంలో వున్న తెనాలి మాత్రం లేదు! "ఒరేయ్, ఆంధ్రా ప్యారిస్ అంటే తెనాలేరా. ముందు దీనికి టిక్కు పెట్టుకో, విమానం ఖర్చు మిగులుతుంది" అన్నాను. వాడు నవ్వేసి వూరుకున్నాడు. నాకు పట్టుదల వచ్చింది. కూర్చుని ఓ జాబితా నేనే రాశాను. తెనాలి, బాపట్ల, రేపల్లె... మూడు వూళ్ళు, రెండు రోజులు, పదకొండు అంశాలు. షరతు ఒక్కటే. ప్రతి అంశానికీ సినిమాతోనో కడుపుతోనో సంబంధం వుండాలి. (భట్టిప్రోలు స్తూపం ఈ రెంటికీ అందదు. అయినా మనసొప్పక చేర్చాను.)

తెనాలి స్టేషన్లో దిగి ప్లాట్‌ఫారం మీద ఓ నిమిషం వూరికే నిలబడ్డాను. ఈ పరిసరాల నుంచి మద్రాసు రైలెక్కినవాళ్ళ పేర్లు తలుచుకుంటేనే తల తిరుగుతుంది. 'పాతాళ భైరవి', 'మాయాబజార్', 'గుండమ్మ కథ' తీసిన విజయా సంస్థలో సగం పేరు చక్రపాణిగారిది. ఆయన తెనాలి వారు. ఆయన 'చందమామ'ను ఏళ్ళ తరబడి తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారూ తెనాలి వారే. 'కన్యాశుల్కం' (1955)లో లుబ్ధావధాన్లుగా కనిపించిన గోవిందరాజుల సుబ్బారావుగారు ఇక్కడ వైద్యం చేసిన డాక్టరు. మూడుసార్లు జాతీయ ఉత్తమనటి అనిపించుకున్న శారద ఈ వూరి అమ్మాయి. 1996లో ఇక్కడి నుంచే పార్లమెంటుకూ వెళ్ళారు. గుమ్మడిది రావికంపాడు, జగ్గయ్యది మోరంపూడి, జమున పెరిగింది దుగ్గిరాల. అన్నీ కూతవేటు దూరాలే!

ఇక బుర్రిపాలెం సంగతి. ఆటో ఎక్కి పేరు చెప్పగానే "కృష్ణగారి వూరే కదండీ" అన్నాడు డ్రైవరు. 1965లో 'తేనెమనసులు'తో హీరో అయి, 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగువాళ్ళకి తొలి సినిమాస్కోప్ చూపించి, 1986లో 'సింహాసనం'తో 70 ఎం.ఎం. కూడా చూపించిన మనిషి పుట్టింది ఈ పచ్చటి పల్లెలో. దారి పొడుగునా కాలవ, చేలు, గేదెలు. వూరు చూడ్డానికి పావుగంట చాలు. కానీ 2022 నవంబరులో ఆయన పోయిన రోజు గురించి అరుగు మీది పెద్దలు మొదలుపెడితే గంట పడుతుంది. కూర్చుని వినండి, కాఫీ కూడా ఇస్తారు.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు వారగా విగ్రహాలు చేసే శిల్పుల షెడ్లు కనిపించాయి. నాయకులు, దేవుళ్ళు, సినిమా వాళ్ళు, అందరూ ఒకే ఎండలో ఆరుతున్నారు. ఒకాయనకి ఇంకా తల పెట్టలేదు. ఎవరో పోల్చుకుందామని చూశాను. పంచెకట్టు బట్టి నాయకుడే అనిపించింది.

సాయంత్రం బెల్లం జిలేబీ. ఇది నా జాబితాలో మొదటి అంశం, వూరి పేరుతో పాటు పుట్టిందా అన్నంత పేరున్న అంశం. మనం ఎరిగిన జిలేబీ పంచదార పాకంలో మునుగుతుంది. తెనాలి వాళ్ళు బెల్లం పాకంలో ముంచుతారు. రంగు ముదురు, తీపి నిదానం. మూకుడు దగ్గరే నిలబడి వేడి వేడిగా తినాలి. పొట్లం కట్టించుకుని ఇంటికి తీసుకెళ్ళి మర్నాడు తిని "ఇంతేనా" అనేవాళ్ళతో నాకు మాటల్లేవు. వేళ్ళు నాక్కుంటూ రణరంగ చౌక్ దాకా నడిచాను. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పులకు ఇక్కడ ఏడుగురు నేలకొరిగారు. వాళ్ళ స్మారక స్తంభాల చుట్టూ ఇప్పుడు స్కూటర్ల హారన్లు. ఎదురుగా కొత్త సినిమా పోస్టరు. జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బాపట్ల రైలు. మధ్యలో నిడుబ్రోలు స్టేషను. అంటే పొన్నూరన్న మాట. ఆ దాపులనే వున్న బ్రాహ్మణకోడూరులో పుట్టారు మాధవపెద్ది సత్యం. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు లడ్డూలు మింగుతూ పాడే వివాహ భోజనం పాట ఆయన గొంతే. ఎస్వీ రంగారావుగారి బొజ్జకి ఆ గొంతు ఎలా అతికిందో! నా తిండి జాబితాకి ఆయన్ని కులదైవంగా పెట్టుకుని, బండిలో అమ్మిన ఇడ్లీ తిన్నాను. (ఇడ్లీ గురించి చెప్పేదేం లేదు.)

భావపురి కాస్తా బాపట్ల అయిందంటారు. ఆ భావం భావనారాయణస్వామిది. చోళుల నాటి గుడి. తెల్లవారుజామున చల్లగా, నిశ్శబ్దంగా వుంటుంది. 1913లో తొలి ఆంధ్ర మహాసభ జరిగిందీ ఈ వూళ్ళోనే. 2022 నుంచి జిల్లా కేంద్రం కూడా. అయితే నేను వెతుక్కుంటూ వచ్చింది వేరే. టీ కొట్టు దగ్గర ఓ కాలేజీ కుర్రాణ్ణి అడిగాను.

"తమ్ముడూ, స్థానం నరసింహారావుగారిది ఈ వూరే... పేరు విన్నావా?"

"లేదన్నా. ఏ సినిమాలో హీరో?"

"హీరో కాదు. హీరోయిన్!"

వాడి చేతిలో గ్లాసు ఆగిపోయింది. వాడిదేం తప్పు లేదు. మనమెవరం చెప్పాం గనక? స్థానంవారు 1902లో బాపట్లలో పుట్టారు. తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాల్లో చిత్రాంగి, మధురవాణి, దేవదేవి... అన్నిటికీ మించి సత్యభామ. మీసాల్లేని ఆడపాత్ర అంటే నవ్వులాటగా చూసే మనకి ఆ సంగతి అర్థం కావడం కష్టం. ఆయన చీర కట్టిన తీరు చూసి ఇళ్ళల్లో ఆడవాళ్ళు నేర్చుకున్నారని చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. 1966లో రామానాయుడుగారు 'శ్రీకృష్ణ తులాభారం' తీసినప్పుడు జమున అద్దం ముందు ధీమాగా పాడిన 'మీరజాలగలడా' వుంది చూశారూ, సుశీల పాడిన పాట... అది రాసింది స్థానంవారే. రంగస్థలం మీద తన సత్యభామ కోసం తనే రాసుకున్నారు! బాపట్లలో పుట్టిన మగవాడి సత్యభామ, దుగ్గిరాలలో పెరిగిన ఆడపిల్ల సత్యభామగా తెరకెక్కింది. కుర్రాడు అక్కడికక్కడే ఫోన్లో పాట పెట్టాడు. టీ కొట్టాయన రెండో టీకి డబ్బు తీసుకోలేదు.

సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. మంచి ఇసుక తీరం, ఆదివారమైతే తిరునాళ్ళే. నేను మోకాళ్ళు దాటి దిగలేదు. సెలవు రోజుల్లో అక్కడ మునిగిపోయిన కుర్రాళ్ళ వార్తలు పేపర్లో చాలా చదివాం. మీరూ దిగొద్దు.

మళ్ళీ తెనాలి చేరి రేపల్లె బండెక్కాను. ఈ చిన్న లైను 1916 నాటిది. సినిమా పాటల్లో రేపల్లె అంటే కన్నయ్య వూరు. ఈ రేపల్లె కృష్ణానది పక్కనున్న వూరు. నా ఎదుటి సీట్లో తెల్ల పంచె, చేతికర్రతో ఓ పెద్దాయన. వేమూరు స్టేషను రాగానే తనే అందుకున్నారు.

"వేమూరి గగ్గయ్యది ఈ వూరే బాబూ. 1933 'సావిత్రి'లో యముడు. తెలుసా?"

"విన్నానండీ. స్థానంవారి గురించీ..."

ఆ పేరుతో ఆయన మొహం మారిపోయింది. "నేను చూశాను. నాకప్పుడు పదేళ్ళు. మా నాయన బండి కట్టి తెనాలి తీసుకెళ్ళాడు. ఇప్పుడు ఎనభై అయిదు. మా వూళ్ళో ఆ నాటకం చూసినవాళ్ళం నలుగురం వుండేవాళ్ళం. పోయిన సంక్రాంతికి ఇద్దరం. ఇప్పుడు నేనే."

అప్పుడే బండి భట్టిప్రోలులో ఆగింది. నా జాబితాలో తొమ్మిదో అంశం! బుద్ధుడి ధాతువుల భరిణెలూ, వాటి మీద అతి పాత బ్రాహ్మీ అక్షరాలూ 1892 తవ్వకాల్లో బయటపడిన స్తూపం. సంచీ భుజానికి తగిలించుకుని లేచాను. పెద్దాయన "అల్లెత్తాడు ఇట్టా ముందుకేసుకుని..." అంటూ చెయ్యెత్తారు. మళ్ళీ కూర్చున్నాను. స్తూపం రెండు వేల ఏళ్ళుగా అక్కడే వుంది, వచ్చే నెలా వుంటుంది. బండి కదిలింది.

రేపల్లె దాకా ఆయన చెబుతూనే వున్నారు. తెర లేవగానే మూడువంతులు మొహం అటు తిప్పి నిలబడేవాడట. పెట్రోమాక్స్ వెలుగులో జడ కనిపించగానే పందిరి మొత్తం నోరు మూసుకునేదట. "జమున బాగా చేసింది, కాదన్ను. కానీ ఆవిడ ఆడదై పుట్టి సత్యభామయింది. ఈయన మీసం గీసుకుని అయ్యాడు. కష్టం ఎవరిది ఎక్కువో నువ్వే చెప్పు!" జమునగారు 2023 జనవరిలో పోయారని తెలిసిన రోజు టీవీ కట్టేసి పడుకున్నారట.

పట్టాలు అయిపోయే చోట దిగాం. జనం పల్చబడ్డాక పెద్దాయన చేతికర్ర నాకిచ్చి, భుజం మీది తువ్వాలు మెలిపెట్టి జడలా ముందుకు వేసుకున్నారు. మూడంటే మూడడుగులు. నడుము తిరగలేదు, మోకాలు సహకరించలేదు. కానీ మెడ తిప్పి అలా ఓరగా చూసిన చూపుంది చూశారూ... బుట్టతో వెళుతున్న చేపలావిడ ఆగిపోయి "ఓయమ్మో!" అంది. ఆయన సిగ్గుపడి కర్ర లాక్కున్నారు.

రేపల్లెలో భోజనం కూడా ఆయన చెప్పిన మెస్సులోనే. రొయ్యల వేపుడు, పీతల పులుసు. నిజాంపట్నం రేవు దగ్గర గనక సరుకు తాజాగా దొరుకుతుంది. గోంగూర మాత్రం ముందు వేయించుకోకండి, పులుసు రుచి తెలీదు. మెస్సు యజమానురాలు వడ్డిస్తూ 1977 నవంబరు 19 రాత్రి గురించి చెప్పింది. ఉప్పెన ఈ తీరం మీద పడి వేలమందిని తీసుకుపోయిన రాత్రి. అప్పటికి ఆవిడ చంటిపిల్ల. అమ్మ చెప్పగా విన్నదే. "అమ్మ అయితే ఇంకా బాగా చెప్పేదండీ" అంది, ఇంకో ముద్ద అన్నం వేస్తూ.

సాయంత్రం పెనుమూడి వారధి దాకా వెళ్ళాను. అవతల దివిసీమ. వంతెన రాకముందు ఈ నది దాటాలంటే పడవే గతి. నాటకాల వాళ్ళు హార్మోనియం పెట్టెలూ, కిరీటాలూ పడవలో వేసుకుని ఇటే దాటేవారని పెద్దాయన బండిలో చెప్పారు. ఒడ్డున ఓ పడవ కట్టేసి వుంది. అందులో వలలున్నాయి.