సంచిలోని కత్తి

2021 ఆగస్టు 15న గుంటూరు నగరంలో పట్టపగలు, నడివీధిలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని కత్తిపోట్లకు బలైపోయింది. ఆడపిల్లలున్న ఇళ్లలో ఆ వార్త నిద్ర లేకుండా చేసింది. మా అమ్మాయి అప్పట్లో తెల్లవారుజామునే పత్తి చేల పక్క దారిన నడిచి వెళ్లి కాలేజీ బస్సు ఎక్కేది. ఒకనాడు ఆమె సంచిలో, పుస్తకాల అడుగున, వంటింటి కత్తి కనిపించింది.

“నేనే పెట్టాను. ముందు ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని మన ప్రవక్త (సఅసం) చెప్పలేదా?” అన్నది మా శ్రీమతి. ఆ మాటకు మాకు వెంటనే సమాధానం తోచలేదు.

సమాధానం మా ఎడమ అరచేతిలోనే ఉన్నది. చాలా ఏళ్ల క్రితం బక్రీద్ నాడు, చేయి తిరిగిన వారు రావడం ఆలస్యమైతే, జిబహ్‌కు మేమే పూనుకొన్నాము. పొట్టేలు ఒక్కసారి విదిలించుకొన్నది. కత్తి జారి మా అరచేయి తెగింది. ఆ మచ్చ నేటికీ ఉన్నది. కాళ్లు కట్టిన మూగజీవి ముందే తడబడిన చేయి, మీదికి దూకే మనిషి ముందు నిలుస్తుందా?

వంటింటి కత్తి పిడికి అడ్డు ఉండదు. బలంగా పొడిస్తే చెమట పట్టిన చేయి పదును మీదికి జారుతుంది. సంచి అడుగు నుంచి తీసేలోపే ఆపద మీద పడుతుంది. బలవంతుడు లాక్కొంటే అదే కత్తి మన బిడ్డ మీదికి తిరుగుతుంది. పోనీ నేర్పిద్దామంటే, కత్తి పట్టే నేర్పు నాలుగు రోజుల్లో అబ్బేది కాదు.

ఆత్మరక్షణ హక్కును మన ధర్మం గాని, దేశ చట్టం గాని కాదనలేదు. తన ప్రాణాన్ని, కుటుంబాన్ని కాపాడుకొంటూ మరణించినవారు షహీద్ అని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. బాణాలతో మస్జిదులో, బజారులో నడిచేవారు ఎవరికీ గాయం కాకుండా వాటి మొనలను చేత పట్టుకోవాలని ఆదేశించినదీ ఆయనే. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34వ సెక్షన్ ఈ హక్కును గుర్తిస్తుంది. అవసరానికి మించిన హాని చేయరాదని 37వ సెక్షన్ హద్దు గీస్తుంది. అత్యాచారం, యాసిడ్ దాడి వంటి ఘోరాలలో ఆ హక్కు దుండగుని ప్రాణం తీయడం వరకూ వెళ్తుందని 38వ సెక్షన్ చెబుతుంది.

ఆనాడు కత్తిని తిరిగి వంటింట్లో పెట్టాము. మరునాటి నుంచి ఫజ్ర్ నమాజు ముగించుకొని బస్సు వరకు మేమే తోడు వెళ్లాము. కరాటే నేర్పే ఒక ఉపాధ్యాయురాలి వద్ద అమ్మాయిని చేర్పించాము. దూరం పాటించడం, గట్టిగా అరవడం, పట్టు విడిపించుకొని జనం ఉన్న వైపు పరుగెత్తడం, 112కు ఫోను చేయడం ఆమె మొట్టమొదట నేర్పిన పాఠాలు.

నెల తిరగకముందే అమ్మాయి “అబ్బా, నా చేయి గట్టిగా పట్టుకోండి” అన్నది. పట్టుకొన్నాము. మా బొటనవేలి వైపు మణికట్టు తిప్పి, రెప్పపాటులో విడిపించుకొని వాకిట నిలిచింది. “అల్‌హమ్దులిల్లాహ్, ఇప్పుడు ఒంటెను కట్టినట్లు” అని వాళ్లమ్మ నవ్వింది.

మన బిడ్డలందరినీ అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక! ఆమీన్.