కొత్త మీటలు - పాత వర్ణమాల

కంప్యూటరు మారినప్పుడు మొదట తడబడేవి చేతులు. కొత్తది నేర్వడానికి మనస్సు సమ్మతించినా, ఏళ్ళ తరబడి అలవాటైన చోటికే వేళ్ళు పరుగెడతాయి.

చిత్తూరు జిల్లా ఐరాలలో శుభలేఖలు, కరపత్రాలు కూర్చి జీవించే ఒక డి.టి.పి. నిపుణుణ్ణి ఊహించవచ్చు. ఆ మండలంలోనే ఉన్న కాణిపాకంలో వినాయక చవితితో మొదలయ్యే బ్రహ్మోత్సవాలు 21 రోజులు సాగుతాయి. ఉత్సవాలకు కరపత్రాలు, ముహూర్తాల మాసాలలో శుభలేఖలు, నడుమ నడుమ అర్జీలు - ఇదే అతని వృత్తి. ఇరవై యేళ్ళుగా విండోస్ మీద, అను వంటి ఫాంట్లతో పని చేసినవాడు. మీటల వైపు చూడకుండానే పుట నింపగలడు.

అటువంటివాడు వ్యవస్థను మార్చుకొనేది సరదాకు కాదు. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతును ముగించింది. విండోస్ 11 పాత యంత్రాలలో చాలావాటికి సరిపడదు. పని ఇచ్చేవారు పంపే విషయమంతా ఇంటర్నెట్ ద్వారానే వస్తున్నందువల్ల రక్షణ లేని యంత్రాన్ని నమ్ముకోవడం ప్రమాదం. కొత్తది కొనే స్తోమత లేనప్పుడు ఉన్న యంత్రంలోనే లినక్స్‌ను నింపుకోవడం ఒక మార్గం. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి ప్రారంభించిన వ్యవస్థ ఇది. దీని ఆధారంగానే మన దేశంలో సి-డాక్ సంస్థ 2007లో 'బాస్' అనే వ్యవస్థను విడుదల చేసింది.

మొదటి వారపు చిక్కులు చిన్నవే. 'సి', 'డి' అనే డ్రైవులు కనిపించవు. దస్త్రాలన్నీ ఒకే మూలం నుండి కొమ్మలుగా విస్తరిస్తాయి. ఇంగ్లీషు పెద్ద అక్షరంతో పెట్టిన పేరు, చిన్న అక్షరంతో పెట్టిన పేరు వేరువేరు దస్త్రాలవుతాయి. కొత్త ప్రోగ్రామును చేర్చబోతే సంకేతపదం అడుగుతుంది. సొంత ఇంటి వాకిట నిలిపి పేరు అడిగినట్లుంటుంది గాని, పరాయివానికి తలుపు తీయకపోవడమే దాని ఉద్దేశం.

అసలు కష్టం పాత దస్త్రాన్ని తెరిచినప్పుడు ఎదురవుతుంది. శుభలేఖ ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా నిలుస్తాయి. ఇరవై యేళ్ళ శ్రమ చదవరానిదైపోయిందా అని గుండె జారిపోతుంది. ఇందుకు కారణం యంత్రం చెడిపోవడం కాదు. పాత పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల స్థానాలలో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తుల బొమ్మలను నింపేవారు. ఆ ఫాంటు ఉన్నంతవరకే అది తెలుగు. అది తొలగితే వేషం విప్పిన నటుడే. యూనికోడ్ మాత్రం 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలను ప్రత్యేకించింది. అందులో 'క'కు ఏ యంత్రంలోనైనా ఒకే సంఖ్య.

కనుక కొత్త వ్యవస్థతో పాటు కొత్త మీటల అమరిక కూడా నేర్వక తప్పదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగును కొట్టే పద్ధతి సులభమే. అయితే తెలుగు మాటను ముందు ఇంగ్లీషులో ఊహించుకోవలసి రావడం దినమంతా తెలుగే కూర్చేవానికి రెట్టింపు శ్రమ. అతడు భారతీయ భాషలకు ఉమ్మడిగా రూపొందిన ఇన్‌స్క్రిప్ట్ అమరికను ఎంచుకొన్నాడు. అరగంట పని రెండు గంటలు పట్టసాగింది. ఒక రైతు అర్జీ కోసం వచ్చి, కొంతసేపు చూచి, "ఏంది అన్నా, ఇన్నేండ్లుగా తెలుగు కొడతా ఉండావు, ఇప్పుడు 'క' యాడుందో ఎతకతా ఉండావే!" అన్నాడు.

వెతకగా వెతకగా కనిపించిన క్రమం అతనిని ఆశ్చర్యపరచింది. అచ్చుల గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ప్రధానంగా కుడిచేతి వైపు. మధ్య వరుసలో ప, క, త, చ, ట. సరిగా వాటి పైమీటలలో బ, గ, ద, జ, డ. పరుషాల నెత్తిన సరళాలు! సరళాదేశ సంధి చదివినవారికి ఇది పరిచయమైన బాంధవ్యమే. షిఫ్టు మీట నొక్కి పట్టుకొని కొడితే 'క' కాస్తా 'ఖ' అవుతుంది, 'గ' కాస్తా 'ఘ' అవుతుంది. గుడి, కొమ్ము మధ్య వరుసలో ఉంటే వాటి దీర్ఘాలు పైవరుసలో ఉంటాయి.

మరొక తేడా ఇంకా లోతైనది. పాత పద్ధతిలో 'స్త్రీ' అని కూర్చడమంటే బొమ్మ గీయడమే: దీర్ఘంతో కూడిన 'సీ', దానికి త వత్తు, ర వత్తు. కొత్త పద్ధతిలో స, పొల్లు, త, పొల్లు, ర, ఆపైన గుడిదీర్ఘం కొట్టాలి. కంటికి 'స' మీద కనిపించే దీర్ఘం చెవికి 'ర' తరువాతనే వినిపిస్తుంది. మీటలు చెవిని అనుసరిస్తాయి. బొమ్మను తీర్చే భారం యంత్రానిది. బడిలో గుణింతాలు వల్లె వేసిన నాటి వరుస అతని వేళ్ళకు మళ్ళీ పనికి వచ్చింది. రెండు నెలలకు వేగం చాలావరకు తిరిగి చేజిక్కింది.

పాత దస్త్రాలను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. అయినా వత్తుల దగ్గర, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర పొరపాట్లు దొర్లుతాయి. శుభలేఖలో వరుని తాతగారి పేరు తప్పుపడితే యూనికోడ్‌ను ఎవరూ నిందించరు. అందుచేత యంత్రంలో ఒక భాగాన పాత విండోస్‌ను అతడు అలాగే ఉంచుకొన్నాడు. పని తక్కువగా ఉన్న మధ్యాహ్నాలలో ఇంటర్నెట్ తీగ తీసివేసి దానిని తెరుస్తాడు. పాత పుటలను ఒక్కొక్కటిగా కాగితం మీద అచ్చు తీసుకొని, తిరిగి లినక్స్‌కు వచ్చి అక్షరమక్షరం సరిచూస్తాడు. ఇరవై యేళ్ళ దస్త్రాలలో ఇప్పటికి తేలినవి మూడేళ్ళవి.