కౌంటు మార్చే ముందు

పీలమేడులో ఇప్పుడు మిల్లు సంగు వినబడేది తక్కువ. మన పిల్లలు చానామంది పంపుల వర్క్‌షాపుల్లోనూ, లెక్కల పనిలోనూ ఉండారు. లెక్కల పనికి కంప్యూటరే మిషను. మా కోడలు ఇంట్లో కూర్చొనే మూడు చిన్న వర్క్‌షాపులకు లెక్కలు రాస్తుంది. జీతాలు, పీఎఫ్, జీఎస్‌టీ అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే. నలభై కుటుంబాల జీతం అందులో ఉండాది అంటే చిన్న మాట కాదు గదా.

ఆ పెట్టె విండోస్ 10 మీద నడిచేది. 2015లో వచ్చిన ఆ విండోస్‌కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ కంపెనీ మామూలు మద్దతు ఆపేసింది. ఆ తేదీ దాటితే కంప్యూటరు నిలిచిపోదు. అయితే దొంగ ప్రోగ్రాములు దూరే సందులను మూసే మరమ్మతులు రావు. ఇంటి కంప్యూటర్లకు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా ఇస్తారు. అదీ వాయిదానే. "విండోస్ 11కు మారిపోదాం మామా" అనింది కోడలు.

నేను చదివింది అయిదో తరగతి. కంప్యూటరు సంగతి నాకు తెలీదు. రింగ్ ఫ్రేము మీద కౌంటు మార్చే సంగతి తెలుసు. 40 నుంచి 60కి మార్చాలంటే పాత బాబిన్లు అన్నీ దించుతాము. పాత రోవింగ్ ఒక్కటి కూడా క్రీల్‌లో మిగలనియ్యము. పినియన్లు మారుస్తాము. కోన్ రంగు మారుస్తాము, లేకుంటే నూలు కలిసిపోతుంది. ముందు ఒక్క ఫ్రేము నడిపి, 120 గజాల లీ తీసి తూకం చూసి, సరి అన్నాకనే మిగతావి. మార్చే పని కంటే మార్చడానికి తయారయ్యే పనే పెద్దది.

ఇంకొక సంగతి ఉంది. నేను పని చేసిన ఒక మిల్లులో చేతిరాత రిజిస్టర్లను కంప్యూటరుకు ఎక్కించినారు. ఎక్కించేటప్పుడు నాతో సైడు చూసిన ఒకాయనకు నాలుగు ఏండ్ల సర్వీసు మాయమైంది. పెన్షన్ లెక్క మీకు తెలుసు: జీతాన్ని సర్వీసు ఏండ్లతో పెంచి 70తో భాగిస్తారు. 6500 జీతానికి నాలుగు ఏండ్లు పోతే నెలకు 371 రూపాయలు పోయినట్టే. బతికినంత కాలం. ఆయన పెండ్లాము పాత జీతం చీటీలు ట్రంకు పెట్టెలో దాచి ఉండింది కాబట్టి, ఆరు నెలలు తిరిగి ఆ ఏండ్లను మళ్ళా రాయించుకున్నారు. చీటీ లేనివాళ్ళ సంగతి చెప్పేదేముంది?

అందుకని కోడలూ నేనూ కూర్చొని ఒక నోటుబుక్కులో వరసగా రాసుకున్నాము.

మొదటిది, పెట్టె తగునా అని చూడడం. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, టీపీఎం 2.0 అనే రక్షణ చిప్పు కావాలి. ఇంటెల్ అయితే సుమారు ఎనిమిదో తరం నుంచి ఒప్పుకుంటుంది. పీసీ హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఉచితంగా ఇచ్చే ప్రోగ్రాము ఉంది. దాంట్లో చూస్తే మాది తగదు అనింది. చిప్పు లేక కాదు, బయాస్‌లో ఆపి ఉండింది. దాన్ని ఆన్ చేస్తే సరిపోయింది. కొత్త పెట్టె కొనే ముందు ఇది చూడండి.

రెండోది, నకలు. లెక్కల ఫోల్డరు రెండు డిస్కుల్లోకి తీసినాము. ఒకటి ఇంట్లో, ఒకటి మా ఆడబిడ్డ ఇంట్లో. తీస్తే చాలదు, ఇంకొక కంప్యూటరులో తెరిచి పోయిన నెల జీతాల మొత్తం సరిపోయిందా అని కూడి చూసినాము. లీ తీసి తూచినట్టే.

మూడోది, తాళాలు. పాస్‌వర్డులు, లెక్కల ప్రోగ్రాము లైసెన్సు, డిస్కుకు బిట్‌లాకర్ పూట్టు ఉంటే దాని రికవరీ నంబరు. ఇవి కాగితం మీద ఉండాల, అదే కంప్యూటరులో కాదు.

నాలుగోది, పక్క సామాన్లు. ప్రింటరు, డిజిటల్ సంతకం టోకెను, వేలిముద్ర పెట్టె కొత్త విండోస్‌కు ఒప్పుకుంటాయా అని ముందే విచారించాల.

అయిదోది, తేదీ. జీఎస్‌టీలో అమ్మకాల లెక్క 11, పీఎఫ్ 15, పన్ను రిటర్ను 20. ఇవి దాటినాక 21వ తేది శనివారం పెట్టుకున్నాము. యూపీఎస్ బ్యాటరీ ముందే చూసుకున్నాము, కరెంటు పోతే సగంలో నిలవకూడదు గదా.

రెండు గంటల్లో మారింది. ప్రింటరు మాత్రం కొంచెంసేపు మొండికేసింది. దాని డ్రైవరు ముందే దించి పెట్టినాము కాబట్టి సోమవారం ఉదయానికి చీటీలు అచ్చయినాయి. నచ్చకపోతే పాత విండోస్‌కు తిరిగి పోవడానికి పది దినాలు గడువు ఉంటుంది. అంతవరకు పాత ఫైళ్ళు తుడవకండి.

మన పిల్లలకు ఒక్క మాట. మీరు టైపు కొట్టే ప్రతి అంకె వెనకాల ఒక మనిషి ఉండాడు. ఆయనకు పాస్‌వర్డు తెలీదు, నకలు తీయడం తెలీదు. ఆయన సర్వీసును మీ చేతిలో పెట్టినాడు. మార్చే ముందు ఒకసారి కూడి చూడండి, మార్చినాక ఇంకొకసారి కూడి చూడండి.