టోక్యోలో కూడా చేత్తోనే తింటారంట

అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, పోస్టు కొంచెం పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి. మేము హాస్టల్లో ఒకే రూంలో ఉండే నలుగురం. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. టైప్ చేసేది ఒకరే అయినా మాట నలుగురిదీ. అందుకే 'మేము' అని రాస్తున్నాం.

పెళ్ళిళ్ళ సీజన్లో మేము క్యాటరింగ్ పనికి పోతాం. మీలో చాలామందికి ఇది తెలిసిందే. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, రాత్రికి ఆరు వందలు. మొన్న సిటీలో ఒక పెద్ద పెళ్ళిలో మాకు సుషి కౌంటర్ దగ్గర డ్యూటీ పడింది. చిన్న అన్నం ముద్ద, దాని మీద పల్చటి చేప ముక్క. పక్కన రెండు పుల్లలు. జనం ఆ పుల్లలతో పట్టుకోలేక తిప్పలు పడుతున్నారు. ఒక పెద్దాయన పుల్లలు పక్కన పెట్టి, చేత్తో తీసుకుని నోట్లో వేసుకున్నాడు. పక్కనున్న మనవరాలు "తాతయ్యా, చేత్తో కాదు, అందరూ చూస్తున్నారు" అంది. ఆయన చెయ్యి తుడుచుకుని ప్లేటు కింద పెట్టేశాడు. ప్లేట్లు తీసే మేము కూడా లోపలికి పోయి నవ్వుకున్నాం. పాపం ముసలాయనకి తెలీదు అనుకున్నాం.

రూంకి వచ్చాక నిద్ర పట్టలేదు. అసలు ఈ సుషి కథ ఏంటో చూద్దామని ఫోన్ తీశాం. 2011లో వచ్చిన 'జిరో డ్రీమ్స్ ఆఫ్ సుషి' అనే డాక్యుమెంటరీ దొరికింది. డేవిడ్ గెల్బ్ తీసింది. నలుగురం ఒకే ఫోన్లో చూశాం.

టోక్యోలో గింజా అనే ఏరియా. అక్కడ ఒక బిల్డింగ్ కింది అంతస్తులో, మెట్రో స్టేషన్ పక్కన 'సుకియాబాషి జిరో' అనే హోటల్. సీట్లు పది. పెట్టింది జిరో ఓనో, 1925లో పుట్టినాయన. చిన్నప్పుడే ఇల్లు వదిలి పనిలోకి పోయాడు. 2007లో ఆ హోటల్‌కి మిషెలిన్ వాళ్ళు మూడు స్టార్లు ఇచ్చారు. అంతకు మించి వాళ్ళ దగ్గర ఇవ్వడానికి లేదు. 2014లో ఒబామా జపాన్ పోయినప్పుడు అప్పటి ప్రధాని అబే ఆయన్ని అక్కడికే తీసుకుపోయాడు. 2019లో ఆ గైడు నుంచి దాన్ని తీసేశారు. రుచి తగ్గి కాదు, మామూలు జనం ఫోన్ చేస్తే సీటు దొరకని చోటు అయిపోయిందని.

డాక్యుమెంటరీ తీసినప్పటి రేటు ఒక్కరికి 30,000 యెన్ల నుంచి మొదలు. ఇప్పటి మన లెక్కలో పదహారు పదిహేడు వేలు. దానికి ఇరవై ముక్కలు వచ్చేవి. అంటే ఒక్కో ముద్ద ఎనిమిది వందల పైనే. మేము రాత్రంతా ట్రేలు మోసినా ఒక ముద్ద రాదు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

అలాంటి చోట మెనూ ఉండదు. 'ఒమకాసే' అంటారు, అంటే మీకే వదిలేశాం అని. వంటాయన ఎదురుగా నిలబడి ఒక్కొక్కటే పిసికి పెడతాడు, పెట్టిన వెంటనే తినాలి. అన్నం మన ఒంటి వేడి అంత ఉండాలి. సుషిలో అసలు సంగతి చేప కాదు, వెనిగర్ కలిపిన పులుపు అన్నం. పులిహోర తిన్నవాళ్ళకి ఇది వింతేం కాదు. ఆక్టోపస్ మెత్తబడటానికి నలభై, యాభై నిమిషాలు చేత్తో పిసుకుతారు. పనికి కొత్తగా చేరినోడు మొదట నేర్చుకునేది వేడి తువ్వాలు పిండటం. గుడ్డు అట్టు చేసే వంతు రావడానికే ఏళ్ళు పడుతుంది. ఒకతను రెండు వందలకు పైగా అట్లు వేసి, అన్నీ బాలేవు అనిపించుకుని, చివరికి ఒకటి ఒప్పించుకున్నాడు.

ఆ వేడి తువ్వాలు ఎందుకు? తినేవాళ్ళు చేతులు తుడుచుకోవడానికి. సుషిని చేత్తో తినొచ్చు. టోక్యోలో పెద్ద పెద్ద హోటళ్ళలో కూడా పాత పద్ధతి అదే. పుల్లలతో తిన్నా తప్పు కాదు, కానీ చేత్తో తింటే ముద్ద విడిపోదు. చేసేది వట్టి చేత్తో, తినేది వట్టి చేత్తో. ఆ పెళ్ళిలో సుషి సరిగ్గా తిన్నది ఆ తాతే. నవ్విన మేమే తెలీనోళ్ళం.

తర్వాత ఇంకా చదివాం. ఇప్పుడు మనం చూసే రకం సుషి టోక్యో పేరు ఎదో అని ఉన్నప్పుడు, సుమారు రెండు వందల ఏళ్ళ కింద వచ్చింది. 1820ల్లో హనయా యోహెయి అనే అతను దాన్ని జనంలోకి తెచ్చాడని చెప్తారు. అప్పుడు అది బండి మీద అమ్మే తిండి. దారిన పోయేవాళ్ళు నిలబడి చేత్తో తిని పోయేవాళ్ళు. ముక్క కూడా ఇప్పటిదానికి రెండు మూడు రెట్లు పెద్దది. ట్యూనా చేపని తక్కువ రకంగా చూసేవాళ్ళు, కొవ్వుండే పొట్ట భాగాన్ని పారేసేవాళ్ళు. 2019 జనవరిలో టోక్యోలోని టోయోసు మార్కెట్లో 278 కిలోల ఒక్క ట్యూనా 33 కోట్ల 36 లక్షల యెన్లకు పోయింది. చేప అదే, చూసే కన్ను మారింది.

ఇంకా పాత రకం సుషి ఉంది. బివా అనే పెద్ద సరస్సు ఒడ్డున చేపకి ఉప్పు పట్టించి, అన్నంలో పెట్టి నెలల తరబడి పులియబెడతారు. ఫునాజుషి అంటారు. ఘాటు వాసన. దాన్ని అక్కడ గొప్పగా, ఖరీదు పెట్టి కొనుక్కుంటారు.

వాసన అనగానే మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇక్కడ అసలు విషయం చెప్పాలి. నెల కింద మాలో ఒకడి నాన్న స్కాలర్‌షిప్ కాగితాల పని మీద సిటీకి వచ్చాడు. ఎవరి నాన్నో రాయం, ఎందుకంటే చేసింది నలుగురం కలిసే. అడ్డాకులో చుట్టిన ఎండు చేపల మూట తెచ్చాడు. ఆయన ఎదురుగానే దాన్ని మూడు కవర్లలో కట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టాం, పక్క రూం వాళ్ళకి వాసన రాకూడదని. తర్వాత ఒక ఏసీ హోటల్‌కి తీసుకుపోయాం. ఆయన అన్నంలో చెయ్యి పెట్టబోతే స్పూన్ చేతికిచ్చి "దీంతో తిను నాన్నా" అన్నాం. ఆయన ఏమీ అనలేదు. సగం తిని, ఆకలి లేదురా అన్నాడు. ఆ చేతులే గోదాట్లో వల వేసి పట్టిన చేపలు అమ్మి మమ్మల్ని కాలేజీ దాకా పంపినయి.

ఆ పెళ్ళిలో మనవరాలు తాతకి చేసింది, మేము నాన్నకి అంతకు ముందే చేశాం.

ఒక మాట మాత్రం తప్పుగా అనుకోకండి. జపానోళ్ళు చేత్తో తింటారు కాబట్టి మన చెయ్యి గొప్పదైంది అని రాయట్లేదు. అట్లా అనుకుంటే మళ్ళీ ఇంకొకళ్ళ సర్టిఫికెట్ కోసం లైన్లో నిలబడ్డట్టే. వాళ్ళు వాళ్ళ బండి తిండిని సిగ్గుపడకుండా పట్టుకున్నారు, దాని మీద ఏళ్ళకేళ్ళు పని చేశారు. మన గూడెంలో ఏ చేపని ఎప్పుడు పట్టాలో, ఎన్ని ఎండలకి ఎండుతుందో తెలిసినవాళ్ళు ఉన్నారు. అది కూడా ఏళ్ళు పట్టే చదువే. మనం వాళ్ళని ఒక్కసారైనా కూర్చుని అడిగామా? ఈ ప్రశ్న ముందు మాకు, తర్వాత మీకు.

నిన్న ఆ మూట విప్పాం. మెస్‌లో వంట అక్కని అడిగితే పెనం మీద వేయించి ఇచ్చింది. వరండా అంతా వాసన. ఎవరైనా ఏమన్నా అంటారేమోనని చూశాం. పక్క రూం తమ్ముళ్ళు ముగ్గురు కంచాలు పట్టుకుని వచ్చారు. మాకు మిగిలింది తోకలే.

నాన్న వచ్చే నెల మళ్ళీ వస్తాడు. ఆ హోటల్‌కే తీసుకుపోతాం. ఆయన కంటే ముందు మేమే చేతులు కడుక్కుని అన్నంలో చెయ్యి పెడతాం.

జోహార్.