కొండ దిగే సైకిలు: ఏ చేతికి ఏ బ్రేకు?

మీలో సైకిలు తొక్కడం రానివారు తక్కువమందే ఉంటారు. సీటు అందని వయసులో బారు కింద నుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా వంకరగా పెట్టి తొక్కి, మోకాళ్ళు చెక్కుకుపోయి, ఇంట్లో చీవాట్లు తిని నేర్చుకున్న విద్య అది. ఒకసారి వస్తే ఇక పోదంటారు. నిజమే, పోదు. అలా పోకపోవడమే ఒక్కోసారి కొంప ముంచుతుంది. ఈ సంగతి నాకు అరవయ్యో ఏట, దేశం కాని దేశంలో, ఒక కొండ వాలున బోధపడింది.

పిల్లల దగ్గరికని కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, సన్నీవేల్ వంటి ఊళ్ళకు వెళ్ళి నెలల తరబడి ఉండి వచ్చే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. అక్కడ ఇంటి గరాజులో కారు పక్కన లావు టైర్ల సైకిలొకటి గోడకి ఆనుకుని కనిపిస్తుంది. అది కొండ సైకిలు. తోచక కూచున్న పెద్దవారికి దానిమీద కన్ను పడుతుంది. సైకిలే కదా, దీనికి వేరే చదువేమిటి అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. "వేరే చదువే మామయ్యా" అన్నాడు మా మేనల్లుడు. అని, ముందు నన్ను ఆ సైకిలు పుట్టిన ఊరు చూపించడానికి తీసుకువెళ్ళాడు.

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరంగా వెడితే మెరీన్ కౌంటీ వస్తుంది. సుమారు 2,570 అడుగుల ఎత్తున్న టామల్పయస్ కొండ ఆ ప్రాంతానికంతటికీ పెద్దదిక్కులా కనబడుతుంది. ఆ కొండల చెంత ఫేర్‌ఫాక్స్ అని చిన్న ఊరు. 1970ల్లో ఇక్కడి కుర్రాళ్ళు కొందరు, ఎప్పుడో ముప్ఫైల్లో నలభైల్లో తయారైన బరువైన పాత సైకిళ్ళు కొని, వాటిని కొండమీదికి ఎక్కించి మట్టిరోడ్ల వెంట దూకించేవారు. ఊరి దగ్గరే ఒక రోడ్డుంది. రెండు మైళ్ళు పైచిలుకు దూరంలో 1,300 అడుగులు కిందికి దిగిపోతుంది. ఆ పాత సైకిళ్ళకి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. కింద చేరేసరికి అది కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. విప్పి మళ్ళీ గ్రీజు కూరితే తప్ప ఇంకోసారి దిగడానికి లేదు. అంచేత ఆ రోడ్డుకి రీప్యాక్ అని పేరు పడిపోయింది. మళ్ళీ కూరడమని అర్థం. 1976 అక్టోబరు 21న అక్కడ మొదటి పందెం జరిగింది. ఆ రోజు నెగ్గిన అలన్ బాండ్స్ ఒక్కడే ఎక్కడా పడకుండా దిగాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ బృందంలోని జో బ్రీజ్ 1977లో కొండ కోసమనే ప్రత్యేకంగా సైకిలు చట్రం తయారు చేశాడు. గేరీ ఫిషర్, చార్లీ కెల్లీ, టామ్ రిచీ కలిసి దాన్ని వ్యాపారంగా పైకి తెచ్చారు. ఇరవై ఏళ్ళు తిరక్కుండా, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో కొండ సైకిలు పందెం చేరింది. ఫేర్‌ఫాక్స్‌లో 2015లో తెరిచిన సైకిలు మ్యూజియం ఉంది. ఆ పాత బరువు సైకిళ్ళని దగ్గరగా చూస్తే, వీటిమీద కొండ దిగినవాళ్ళకి ఎముకలు ఎలా మిగిలాయా అని వైద్యుడికి అనుమానం రాక మానదు.

నన్ను రీప్యాక్ దింపలేదు లెండి. మొదటి పాఠం ఇంటి దగ్గర పార్కులో పచ్చిక మీద జరిగింది. మీరు నేర్చుకోవాలన్నా అక్కడే మొదలుపెట్టండి. పడితే బట్టలకి మట్టి అంటుతుంది, అంతే.

మనం బజారుకి వెళ్ళేటప్పుడు సీటుమీద బరువంతా వేసి, ఒక కాలు కింద ఒక కాలు పైన ఉంచి వాలు దిగుతాం. కొండమీద అది కుదరదు. కిందనున్న పెడలు రాతికి తగిలిందంటే పల్టీ ఖాయం. రెండు పెడళ్ళూ నేలకి సమానంగా ఉంచి, వాటిమీద నిలబడాలి. సీటు ముందే కిందికి దించుకోవాలి. మోకాళ్ళు, మోచేతులు కొద్దిగా వంచి వదులుగా ఉంచాలి. అప్పుడు గతుకులు కాళ్ళూ చేతులూ మింగుతాయి, వెన్నుదాకా రావు. నడుం నొప్పి ఉన్నవారు ఈ మాట రెండుసార్లు చదువుకోండి. మట్టిదారిన సీటుకి అతుక్కుపోయి తొక్కితే ప్రతి గతుకూ సరాసరి వెన్నుపూసలకి చేరుతుంది.

"చక్రం కేసి చూడకండి మామయ్యా, దారి కేసి చూడండి" అని వాడు వందసార్లు చెప్పి ఉంటాడు. రాయిని చూస్తూ ఉంటే రాయి మీదికే పోతాం. ఇది మీకూ అనుభవమే. చిన్నప్పుడు గేదెను తప్పించబోయి గేదెనే గుద్దినవారు లేరూ? చూపు ఎటుంటే భుజాలు అటు తిరుగుతాయి, భుజాలు ఎటుంటే సైకిలు అటు పోతుంది. పది పన్నెండు గజాల ముందుకి చూడాలి.

తరవాత విద్య కదలకుండా నిలబడడం. కొంచెం ఎగువగా ఉన్న పచ్చిక మీద, ముందు చక్రం ఓ పక్కకి తిప్పి, పెడళ్ళు సమంగా ఉంచి, ముందు పాదంతో అతి కొద్దిగా ఒత్తుతూ ఉండాలి. సైకిలు వాలుకి వెనక్కి రాబోతుంది, పాదం ఆపుతుంది. మొదట్లో రెండు సెకన్లు నిలిస్తే గొప్ప. పైకి ఇది సర్కసు విద్యలా ఉంటుంది కాని, యాభై దాటినవారికి నా లెక్కన అన్నిటిలోకీ ఉపయోగమైనది ఇదే. వయసుతోపాటు మనకి తెలియకుండా తగ్గిపోయేది తూకం. దాన్ని సాధన చేయించే ఆట దొరికితే వదలకూడదు.

ముందు చక్రం లేపడం కూడా చూపించాడు. వేరు అడ్డం వస్తే చక్రం దానిమీదికి ఎక్కించాలిగా. చేతులతో హేండిలు లాగితే లేవదు, భుజం పడుతుంది. కిందికి వంగి, తుంటి వెనక్కి తోస్తే చక్రం అదే లేస్తుంది. వెనక్కి పడిపోతున్నామనిపిస్తే వెనక బ్రేకు కొద్దిగా పట్టుకుంటే చాలు, ముందు చక్రం దిగుతుంది.

వెనక బ్రేకు అన్నాను. ఏ చేతిది? అసలు కథ ఇక్కడుంది. మన దేశంలో సైకిలుకి సాధారణంగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమచేతిది వెనక చక్రానిది. అమెరికాలో ఇది తారుమారు. అక్కడ ఎడమచేతిది ముందు బ్రేకు. వాడు మొదటి రోజునే చెప్పాడు. నేను విన్నాను కూడా. పచ్చిక మీద నాలుగు రోజులు పొరపాటు చెయ్యలేదు.

అయిదో రోజు చైనా క్యాంప్ పార్కుకి వెళ్ళాం. అదీ మెరీన్‌లోనే, శాన్ రఫేల్ ఊరి పక్కన, శాన్ పాబ్లో సముద్రపు పాయ ఒడ్డున ఉంది. మెరీన్‌లో చాలా కాలిబాటల మీద సైకిళ్ళు నిషేధం. మట్టిరోడ్లమీద కూడా గంటకు 15 మైళ్ళు దాటకూడదు. కాని ఈ పార్కులో ఒడ్డు వెంట పోయే సన్నబాట మీద సైకిళ్ళని రానిస్తారు, అదేమంత కష్టమైనదీ కాదు. 1880ల్లో ఇక్కడ సుమారు 500 మంది చైనా జాలర్లు రొయ్యలు పట్టి, ఎండబెట్టి తమ దేశానికి పంపేవారట. ఎండురొయ్యల పేరు వినగానే నాకు కాకినాడ గుర్తొచ్చింది. ఒక పక్క నీళ్ళు, రెల్లు, మరో పక్క ఓక్ చెట్లు. మధ్యమధ్య ఒక చెట్టు, ఆకు నలిపితే పలావు ఆకు వాసన ఘాటుగా వస్తుంది. ఇంత హాయిగా ఉన్నచోట ప్రమాదమేమిటి?

చిన్న వాలు. కింద మలుపు. మలుపులోంచి నడిచి వచ్చేవాళ్ళిద్దరు హఠాత్తుగా ఎదురయ్యారు. నేర్చుకున్నది నాలుగు రోజులు, అలవాటు యాభై ఏళ్ళు. నా ఎడమచెయ్యి వెనక బ్రేకనుకుని గట్టిగా పట్టేసింది. ముందు చక్రం అక్కడే ఆగిపోయింది. నేను ఆగలేదు. హేండిలు మీంచి ఎగిరి, కుడి అరచెయ్యి ఆనించి పడ్డాను.

అదృష్టవశాత్తు తలకి హెల్మెట్టుంది. అక్కడ 18 ఏళ్ళలోపు వారికే అది చట్టరీత్యా తప్పనిసరి, కాని ఎముకలకి చట్టాలు తెలియవు కదా. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు చూడడానికి బాగానే ఉన్నా మళ్ళీ వాడకండి. తలకి దెబ్బ తగిలాక వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, తికమక మాటలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గుండెకోసం రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు ఈ లక్షణాలకోసం ఎదురుచూడనే కూడదు. తలకి చిన్న దెబ్బైనా చూపించుకోవాలి.

నాకు మణికట్టు కొద్దిగా వాచింది. వేళ్ళు ఆడుతున్నాయి, వంకర లేదు. బెణుకే అనుకున్నాను. వారంలో తిరుగు ప్రయాణం. ఇక్కడ డాక్టరు ఖర్చెందుకు, ఇంటికి పోయి కాపడం పెట్టుకుందాం అని మీరెలా అనుకుంటారో నేనూ అలాగే అనుకున్నాను. మీకు చెప్పే బుద్ధి నాకు లేకపోయింది.

బొటనవేలు పైకి ఎత్తిపట్టి చూడండి. దాని మొదట్లో, మణికట్టు పక్కన, రెండు నరాల్లా కనిపించే కండరాల మధ్య చిన్న గుంట పడుతుంది. అరచెయ్యి ఆనించి పడ్డాక ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, అది ఒట్టి బెణుకని ఎవరు చెప్పినా నమ్మకండి. ఆ గుంట అడుగున స్కాఫాయిడ్ అనే నావ ఆకారపు చిన్న ఎముక ఉంటుంది. దానికి రక్తం ఎక్కువగా వేళ్ళవైపు కొన నుంచి వెనక్కి ప్రవహిస్తుంది. మధ్యలో విరిగితే మోచేతివైపు ముక్కకి రక్తం అందక అది చచ్చిపోవచ్చు. తరవాత మణికట్టు కీళ్ళవాతం జీవితాంతం వదలదు. ఇంకో చిక్కేమంటే, మొదటి ఎక్స్‌రేలో ఈ విరుగుడు కనబడకపోవచ్చు. అనుమానం ఉంటే బొటనవేలు కదలకుండా కట్టు వేసి, పది పద్నాలుగు రోజులకి మళ్ళీ ఎక్స్‌రే తియ్యాలి, లేదా ముందే ఎమ్మారై తీయించాలి.

ఆ రాత్రి సబ్బు రాసుకుంటూ అనుకోకుండా ఆ గుంటలో నొక్కుకున్నాను. చుక్కలు కనిపించాయి. మర్నాడు వెళితే, మొదటి ఎక్స్‌రే శుభ్రంగా ఉందన్నారు. కట్టు వేయించుకుని, తిరుగు ప్రయాణం వాయిదా వేశాను. రెండో ఎక్స్‌రేలో సన్నని గీత కనబడింది. పది వారాలు కట్టు. ఇప్పుడు ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను. వెళ్ళేముందు భీమా తీసుకోకపోయి ఉంటే ఏం రాసేవాణ్ణో చెప్పలేను.

అయితే పెద్దవాళ్ళు దీని జోలికి పోకూడదా అంటారా? పోవచ్చు. ముట్లుడిగాక ఎముకలు గుల్లబారిన స్త్రీలు, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు వాడినవారు, కళ్ళు తిరిగే జబ్బున్నవారు మాత్రం చదును రోడ్డుకే పరిమితం కండి. ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో పంచదార ఉంచుకోండి, ఒంటరిగా వెళ్ళకండి. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతుంటే హేండిలు మీద బరువు ఎక్కువ పడుతున్నట్టు లెక్క. చేతులు మారుస్తూ ఉండండి. ఆ అడవుల్లో మూడేసి ఆకుల పాయిజన్ ఓక్ మొక్క తగిలితే దద్దురు లేస్తుంది, వెంటనే సబ్బుతో కడుక్కోండి. ఇంటికొచ్చాక చెవుల వెనక, గజ్జల్లో పిడుదులు పట్టాయేమో వెతుక్కోండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి మెల్లగా లాగాలి, నలపకూడదు.

ఎక్కేముందు మాత్రం, సైకిలు నడిపించుకుంటూ ఎడమ బ్రేకు పట్టండి. ఏ చక్రం ఆగిందో చూడండి. కుడిది పట్టి చూడండి. అలవాటుకి విరుద్ధంగా ఉంటే, సర్దుకుపోదామనుకోకండి. సైకిలు దుకాణంలో బ్రేకులు అటూ ఇటూ మార్చి ఇస్తారు. మా మేనల్లుడు మర్నాడే వెళ్ళి మార్పించాడు. ఇప్పుడు ఆ సైకిలు ఎక్కితే వాడికి తికమకగా ఉందట. "మళ్ళీ ఎప్పుడొస్తారు మామయ్యా, అప్పటిదాకా దీన్నిలాగే ఉంచనా?" అని మొన్న ఫోనులో అడిగాడు. ఉంచమన్నాను.