అద్దానికి అన్నం పెట్టే పిట్ట

మన దగ్గర షాపుల్లో లవ్ బర్డ్స్ అని అమ్మే చిన్న పిట్టలు చాలావరకు లవ్ బర్డ్స్ కావు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. మనం ఆ పేరుతో పిలిచేవి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బడ్జెరిగార్లు. ఇక్కడ ఇంగ్లండులో ముద్దుగా బడ్జీ అంటారు. మా ఇంట్లో ఉన్నది అదే. ఆకుపచ్చ ఒళ్ళు, పసుపు తల, ముక్కు పైన నీలం రంగు. ఆ నీలాన్ని బట్టే మగపిట్ట అని తెలుస్తుంది. ఈడొచ్చిన ఆడపిట్టకైతే అక్కడ గోధుమ రంగు ఉంటుంది. మా అమ్మాయి వాడికి బుజ్జిగాడని పేరు పెట్టింది.

వేరే ఊరికి మారిపోతున్న ఒక కుటుంబం పంజరంతో సహా వాణ్ణి మాకు ఇచ్చి వెళ్ళింది. అందులో ఒక ఊయల, గంట, గుండ్రటి అద్దం. ఎండాకాలం మొదలయ్యేసరికి బుజ్జిగాడికి ఆ అద్దమే లోకమైపోయింది. దాని ముందు కూర్చుని ఒకటే గుసగుసలు. తల పైకీ కిందకీ గబగబా ఊపేవాడు. తర్వాత నోట్లోంచి తడి గింజలు తీసి అద్దానికి అంటించేవాడు. మళ్ళీ గుసగుసలు, మళ్ళీ గింజలు.

ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మ అప్పుడు మాతోనే ఉంది. "పిట్టకి వాంతులవుతున్నాయిరా, దిష్టి తగిలినట్టుంది" అంది. దిష్టి సంగతి ఎలా ఉన్నా, వంటింటి డిజిటల్ కాటా మీద పెడితే 31 గ్రాములు చూపించింది. వచ్చినప్పుడు 36. అంత చిన్న ప్రాణికి ఐదు గ్రాములంటే మాటలు కాదు. పక్షుల డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాం.

ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, "తల మీద ఈకలు తడిసి అంటుకుపోతున్నాయా?" అని. నిజంగా వాంతి చేసుకునే పిట్ట తల అటూ ఇటూ విదిలిస్తుంది. గింజలు చుట్టూ చెదురుతాయి, తల ఈకలు జిగటగా అవుతాయి, పిట్ట ఒళ్ళు ఉబ్బరించుకుని డీలాగా కూర్చుంటుంది. అది జబ్బు, ఆలస్యం చేయకూడదు. మావాడు అలా కాదు. తల నిలువుగా ఊపుతాడు, గురి చూసి ఒకే చోట పెడతాడు, పెట్టాక హుషారుగా కూతలు పెడతాడు. అన్నీ పరీక్ష చేసి ఆవిడ చెప్పింది: ఇది కక్కడం కాదు, తినిపించడం.

అడవిలో ఆడ బడ్జీ చెట్టు తొర్రలో గుడ్లు పెట్టి దాదాపు పద్దెనిమిది రోజులు పొదుగుతుంది. ఆ రోజుల్లో బయటికి వెళ్ళేది చాలా తక్కువ. మగపిట్టే గింజలు తిని, గొంతు కింద ఉండే సంచిలో దాచుకుని వచ్చి, నోట్లో నోరు పెట్టి ఆమెకి తినిపిస్తుంది. కాబట్టి జోడీ కట్టే ముందు నుంచే తినిపించి చూపిస్తుంది. ఇల్లు గడపగలనని పెళ్ళికి ముందే నిరూపించుకోవడం అన్నమాట. అమ్మకి చెప్పగానే, "రిచ్‌మండ్ పార్కులో చిలక పెట్టినట్టా?" అంది. మార్చిలో లండన్ వెళ్ళినప్పుడు ఆ పార్కులో మన రామచిలకల్ని చూసి ఆశ్చర్యపోయింది లెండి. అవి అక్కడ గుంపులుగా ఉంటాయి. కొమ్మ మీద మగ చిలక ఆడదానికి నోటికి అందిస్తుంటే చాలాసేపు నిలబడి చూసింది.

జోడీ దొరకని పిట్ట, ఎవరు దగ్గరుంటే వాళ్ళనే జోడీ అనుకుంటుంది. ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్‌కి 1973లో నోబెల్ వచ్చింది. ఆయన మచ్చిక చేసుకున్న జాక్‌డా అనే కాకి జాతి పిట్ట ఆయనకే పురుగుల ముద్ద తినిపించబోయేదట. నోరు తెరవకపోతే చెవిలో కూరేదని ఆయనే రాసుకున్నాడు. ఆ పిట్టకి పిచ్చేమీ లేదు. ఉత్తరం సరైనదే, అడ్రసే తేడా.

చిక్కు ఎక్కడంటే, అద్దం ఎప్పటికీ "చాలు" అనదు. ఆడపిట్టయితే తింటుంది, కడుపు నిండాక తన పని తను చూసుకుంటుంది. అద్దంలో పిట్ట మాత్రం ఎంత పెట్టినా ఆకలిగానే ఎదురుచూస్తుంది. పైగా ఇక్కడ జూన్‌లో ఐదు కాకముందే తెల్లవారి, రాత్రి తొమ్మిది దాటాకే పొద్దు కూకుతుంది. అంత పొడుగు పగళ్ళు పిట్ట ఒంటికి "ఇది గూడు కట్టే కాలం" అని చెబుతాయట. అందుకే డాక్టరు నాలుగు మాటలు చెప్పింది. అద్దం తీసేయండి. సాయంత్రం ఏడింటికల్లా పంజరం మీద గుడ్డ కప్పి పన్నెండు గంటల చీకటి ఇవ్వండి. నిమిరితే తల మీదే నిమరండి, వీపు మీద వద్దు. తిండి కాస్త కష్టపడి సంపాదించుకునేలా పెట్టండి.

అద్దం తీస్తుంటే మా అమ్మాయి ఏడ్చింది. "వాడికున్నది ఒక్క ఫ్రెండ్ కదా నాన్నా!" దానికి నా దగ్గర జవాబు లేదు. బుజ్జిగాడు మూడు రోజులు ఆ ఖాళీ చోటు ముందే కూర్చున్నాడు.

నాలుగో రోజు వచ్చి అమ్మ చేతి మీద వాలాడు. బంగారు గాజు మెరుస్తోంది కదా, దానికి గుసగుసలు చెప్పి ఒక గింజ పెట్టాడు. అమ్మ మురిసిపోయింది. వద్దనాలమ్మా అంటే, "పెట్టే చేతిని ఎలా వద్దంటాంరా?" అని నన్నే అడిగింది. జీవితమంతా కొసరి కొసరి వడ్డించిన మనిషికి అది చాలా కష్టమైన పని. చివరికి తనే దారి కనిపెట్టింది. గాజులు స్వెట్టర్ చేతిలోకి తోసేసి, వాణ్ణి నెమ్మదిగా కొర్ర కంకి మీదకి దింపేది. ఇక్కడ షాపుల్లో మిల్లెట్ స్ప్రే అని అమ్మేది మన కొర్ర కంకే. వాడు దాన్ని వలుచుకుంటుంటే పక్కనే కూర్చుని కబుర్లు చెప్పేది. కసురుకోలేదు, పక్కకి నెట్టలేదు. ఆ ముద్ద ఒక్కటి తీసుకోలేదు, అంతే.

వాడు మనల్ని ప్రేమిస్తున్నాడని సంబరపడటం తేలిక. కానీ ఆ ప్రేమ వాడి ఒంట్లోంచి గ్రాముల లెక్కన పోతుంటే, వద్దని చెప్పాల్సింది మనమే. అది వాడికి తెలియదు.

అలాగని అమ్మాయి అడిగింది ఊరికే పోలేదు. బడ్జీలు గుంపులో బతికే పిట్టలు. ఆగస్టులో అమ్మ ఊరికి వెళ్ళిపోయాక ఇంకో మగపిట్టను తెచ్చాం. రెండు మగవైతే మామూలుగా సర్దుకుపోతాయి, గుడ్ల బెడదా ఉండదు. జబ్బులేమైనా ఉంటే అంటుకోకుండా నెల పైన వేరే గదిలో ఉంచి, తర్వాత కలిపాం. ఇప్పుడు ఒకడి మెడ ఒకడు దువ్వుకుంటారు, అప్పుడప్పుడు ఒకడికొకడు తినిపించుకుంటారు. కడుపు నిండితే అవతలివాడు మొహం తిప్పేసుకుంటాడు. అద్దం చేయలేనిది అదే.

ప్రతి ఆదివారం ఇద్దర్నీ కాటా మీద నిలబెట్టి, ఫ్రిజ్ మీది కాగితంలో రాసే పని మా అమ్మాయిది. పోయిన వారం బుజ్జిగాడు 35, కొత్తవాడు 38. ఎవరి వాటా ఎవరి పొట్టలోకి వెళ్తోందో నానమ్మకి ఫోన్‌లో చెప్పి ఇద్దరూ ఒకటే నవ్వు.